ప్రకృతిపద విచారము – 377వ సెక్షను తీర్పుల విమర్శనము

శాస్త్రగ్రంథములకు వ్యాఖ్యానములు పుట్టుట సహజము. వ్యాఖ్యానము చెడినచో గ్రంథగౌరవమునకు లోపము గలుగును. చదువరికిఁ గాలహరణ మగును. అంతకు మించిన హాని యుండదు. శిక్షాశాసనమునకుఁ జేయఁబడు వ్యాఖ్యాన మట్టిది కాదు. అందొక పదమున కర్థము తప్పినచో నొక మనుష్యుఁడు చెఱసాలకుఁ బోవును. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను నూటయఱువది సంవత్సరములకుఁ బైగా నిట్టి పదమొకదానిని మోసికొనివచ్చినది. ఆ పదము ‘ప్రకృతి’.

ఈ సెక్షను 1860వ సంవత్సరమున శాసనమై, 1862 జనవరి 1వ తేది నుండి యమలులోనికి వచ్చెను. 2024 జూలై 1వ తేదిని శిక్షాస్మృతితోఁ గూడ నంతరించెను. స్వేచ్ఛాపూర్వకముగాఁ బురుషునితోఁ గాని, స్త్రీతోఁ గాని, జంతువుతోఁ గాని ప్రకృతిక్రమమునకు విరుద్ధమైన శరీరసంగమము చేయువానికి యావజ్జీవశిక్షయైనను, పదియేండ్లకు మించని కారాగారవాసమైనను, దానితోపాటు జుల్మానాయు విధింపవచ్చునని దాని తాత్పర్యము. క్రింద నొక వివరణవాక్యము గలదు. సంగమ మెంతమాత్రమున నేరమునకుఁ జాలునో యా వివరణ చెప్పుచున్నది. ప్రకృతిక్రమ మనఁగా నేమో చెప్పదు. సందిగ్ధమైన పదమును విడిచి, యంత సందిగ్ధము కానిదానిని వివరించుట యీ వాక్యరచనయందలి ప్రథమదోషము.

ఈ లక్షణరహితమైన పదము చుట్టు 2009, 2013, 2018 సంవత్సరములలో మూఁడు ప్రధానమైన తీర్పులు వెలువడినవి. మూఁటికిని వ్యాఖ్యేయ మొక్కటియే. మూఁటికిని రాజ్యాంగ మొక్కటియే ప్రమాణము. ఐనను ఫలము భిన్నమయ్యెను. ఈ భేదమునకుఁ గారణము న్యాయమూర్తుల నీతిదృష్టియందలి భేదమని సామాన్యముగాఁ జెప్పుదురు. తీర్పులను బంక్తిశః పరిశీలించినచో వేఱొక కారణము గోచరించును. లక్షణము చెప్పఁబడని పదముచే మనుష్యుని శిక్షింపవచ్చునా యను ప్రశ్న మూఁడు తీర్పులకును మూలమున నున్నది. 2013 నాఁటి తీర్పు ఆ ప్రశ్న దగ్గఱకు వచ్చియు, దానిని దాఁటిపోయినది. ఆ దాఁటుటయే యిచటి విచారణకు విషయము.

మొదట సెక్షను పుట్టుక. ఆంగ్లదేశమున ఎనిమిదవ హెన్రీ కాలమున 1533లో నీ విషయమై మరణదండన శాసన మేర్పడెను. భారతదేశమునకు శిక్షాస్మృతి చిత్తుప్రతిని 1837లో మెకాలే యధ్యక్షతను గల సంఘము సిద్ధపఱచెను. ప్రతి నేరమునకును వ్యాఖ్యను, ఉదాహరణములను జేర్చుట యా చిత్తుప్రతి ప్రత్యేకత. ఈ యొక్క నేరముకడ మాత్రము మెకాలే వ్యాఖ్యకుఁ బూనుకొనలేదు. ఈ విషయమున నెంత తక్కువ చెప్పిన నంత మంచిదనియు, బహిరంగచర్చకుఁ దావిచ్చు మాట యొక్కటియు వ్రాయుట కిష్టము లేదనియు నాతఁడు తెలిపెను. తరువాత సెక్షను వాక్యము మాఱినను మౌనము మాఱలేదు. చెప్పుటకు సిగ్గుపడిన మాటతో శిక్షించుటకు మాత్రము సంకోచింపకపోవుట గమనింపఁదగినది. ఇంగ్లండు, వేల్సు దేశములలో వయస్సు వచ్చిన పురుషు లిరువురి యేకాంతసంబంధము 1967లో నేరము కాకపోయెను. వారు విడిచిన శాసనము వలసదేశమున నిలిచెను.

శాసనకర్త లక్షణము చెప్పకపోఁగా లక్షణభారము న్యాయస్థానములపైఁ బడెను. 1884లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానమునకు వచ్చిన ఖైరాతీ వ్యాజ్యము దీనికి మంచి యుదాహరణము. స్త్రీవేషము ధరించి పాడుచున్న యొక వ్యక్తిని పట్టుకొని క్రింది న్యాయస్థానము శిక్షించెను. నేర మెన్నఁడు జరిగెనో, యెచ్చట జరిగెనో, యెవరితో జరిగెనో యభియోగమున లేదు. ఉన్నత న్యాయస్థాన మా శిక్షను గొట్టివేసెను. వేషమును బట్టి నేరము నూహించుట యా కాలమున నెంత సులభమయ్యెనో యీ వ్యాజ్యము చూపుచున్నది.

1925లో సింధు న్యాయస్థానము ఖాను వ్యాజ్యమున నొక లక్షణము చెప్పెను: సంగమమునకుఁ బ్రకృతి నిర్ణయించిన ప్రయోజనము సంతానము, సంతానమున కవకాశము లేనిది ప్రకృతివిరుద్ధము. తర్కశాస్త్రము చదివిన విద్యార్థి దీనియందలి యతివ్యాప్తిని వెంటనే పట్టుకొనును. వంధ్యాదంపతులును, వార్ధక్యమున నున్న దంపతులును, సంతాననిరోధమును బాటించువారును నీ లక్షణముచే నపరాధులగుదురు. లక్ష్యమును మించి పాఱు లక్షణము లక్షణము గాదు. 1968లో గుజరాతు ఉన్నత న్యాయస్థానము సంతానపరీక్షను దాఁటి, సాధారణసంగమమునకుఁ బోలిక యున్నదా యని విచారించెను. 1982లో సర్వోన్నత న్యాయస్థానము వికృతకామ మను భావము నాశ్రయించెను. సంతానాభావము, సాదృశ్యము, వైకృతము అని మూఁడు పరీక్షలు. మూఁడును భిన్నములు. మొదటిది ఫలమును జూచును. రెండవది క్రియారూపమును జూచును. మూఁడవది చిత్తవృత్తిని జూచును. ఒకే పదమునకు మూఁడు పరస్పరభిన్నములైన లక్షణములు పుట్టెననఁగా, సెక్షను శిక్షించునది యేదో సెక్షనుకే తెలియదన్నమాట.

ఇచటఁ బండితలోకమునుండి యొక యాక్షేపము రావచ్చును. పదమునకు శాసనమున లక్షణము లేకపోయినను లోకప్రసిద్ధిచే నర్థము నిశ్చయింపవచ్చును గదా. ప్రకృతి యనఁగా నేమో యీ దేశమున నెవ్వరికిఁ దెలియదు? ఈ యాక్షేపము పరీక్షింపఁదగినది. సాంఖ్యులకుఁ బ్రకృతి గుణత్రయముల సామ్యావస్థ. వికృతులన్నియు నందుండియే పుట్టును. శబ్దశాస్త్రమునఁ బ్రకృతి ప్రత్యయము చేరుటకుఁ బూర్వమున్న శబ్దరూపము. తెలుఁగు పాఠశాలలోఁ బిల్లవాఁడు నేర్చు ప్రకృతివికృతుల పట్టికలో ముఖము ప్రకృతి, మొగము వికృతి. సంధ్య ప్రకృతి, సందె వికృతి. మొగ మనుట తప్పని యే యుపాధ్యాయుఁడును శిక్షింపఁడు. వికృతి ప్రకృతికి విరోధి యను భావము వ్యాకరణమున లేదు.

ఇంతకన్న ముఖ్యమైనది కోశప్రమాణము. ‘తృతీయాప్రకృతి’ యను పదమును అమరసింహుఁడు మనుష్యవర్గమున నపుంసకపర్యాయములలోఁ జేర్చెను. వాత్స్యాయనుఁడు కామసూత్రముల రెండవ యధికరణమున నీ పదమునే వాడి, స్త్రీరూపము గలవారు, పురుషరూపము గలవారు అని రెండు విధములు చెప్పెను. అనఁగా, ఏ జనులను ఆంగ్లశాసనము ప్రకృతికి వెలుపల నిలిపెనో వారిలోఁ గొందఱికి ఈ దేశపు శాస్త్రకారుఁడు ‘ప్రకృతి’ యనియే పేరు పెట్టెను. ఈ ప్రమాణమును మితముగానే వాడవలెను. తృతీయాప్రకృతియు, నేఁటి స్వలింగానురాగియు నొక్కటి గాదు. మొదటిది స్త్రీపుంస్త్వవిభాగమునకు సంబంధించినది, రెండవది యనురాగమునకు సంబంధించినది. అట్లే ప్రాచీనులందఱు నీ విషయమున నుదారులనుటయుఁ జెల్లదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయము పురుషసంగమమునకుఁ బ్రాయశ్చిత్తము చెప్పినది. కౌటిల్యుఁడు దానికిఁ బ్రథమసాహసదండము విధించెను. కాని స్నానరూపమైన ప్రాయశ్చిత్తమునకును, ద్రవ్యదండమునకును, యావజ్జీవశిక్షకును నడుమ నున్న దూరము స్పష్టము. లోకప్రసిద్ధిచే సెక్షను సుబోధ మను వాదమున కిచట నాధారము దొరకదు.

ఇఁకఁ దీర్పులు. నాజ్ ఫౌండేషన్ అను సంస్థ 2001లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున నర్జీ వేసెను. అర్జీదారునకు స్వయముగాఁ గష్టము గలుగలేదనియు, ప్రశ్న కేవలము విద్వచ్చర్చావిషయమనియు 2004లో న్యాయస్థానము దానిని గొట్టివేసెను. కాకదంతపరీక్షవలె నిష్ప్రయోజనమని తలఁచిరి కాఁబోలును. 2006లో సర్వోన్నత న్యాయస్థానము విచారింపవలసినదేయని తిరిగి పంపెను. ఆ విచారణలో నొక వింత గలదు. కేంద్రప్రభుత్వపు హోంశాఖ సెక్షను నిలువవలెనని ప్రమాణపత్రము వేయఁగా, ఆరోగ్యశాఖకు లోఁబడిన యెయిడ్సు నియంత్రణసంస్థ సెక్షనువలన జనులు భయపడి వైద్యమునకు దూరమగుచున్నారని వేఱొక ప్రమాణపత్రము వేసెను. ఒకే ప్రభుత్వము రెండు గొంతులతోఁ బలికెను.

2009 జూలై 2వ తేదిని ప్రధాన న్యాయమూర్తి ఏ. పి. షా, న్యాయమూర్తి యస్. మురళీధర్ తీర్పు చెప్పిరి. వయస్సు వచ్చినవారు పరస్పరసమ్మతితో నేకాంతమున నాచరించునది నేర మనునంతవఱకు సెక్షను రాజ్యాంగపు 14, 15, 21 అధికరణములకు విరుద్ధమని వారి నిర్ణయము. ఈ తీర్పు పైఁ జెప్పిన మూఁడు పరీక్షలు కాలక్రమమున నెట్లు మాఱెనో గుర్తించినది. అంబేద్కరు 1948 నవంబరు 4వ తేదిని రాజ్యాంగసభలో వివరించిన రాజ్యాంగనైతికతను గైకొని, లోకనీతి వేఱు రాజ్యాంగనీతి వేఱని విభజించినది. దీని వాక్యములు స్వల్పములు, తర్కము క్రమబద్ధము. తరువాతి తీర్పులకన్న నిది చదువరికి సుగమము.

2013 డిసెంబరు 11వ తేదిని సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు జి. యస్. సింఘ్వీ, యస్. జె. ముఖోపాధ్యాయ యీ నిర్ణయమును ద్రోసివేసిరి. ఈ సురేశ్ కుమార్ కౌశల్ తీర్పును దిట్టుట సులభము; దాని తర్కమును విప్పిచూచుట యావశ్యకము. అది పూర్వపు వ్యాజ్యముల నన్నింటిని వరుసగాఁ బరిశీలించి, ప్రకృతివిరుద్ధసంగమ మేదో తేల్చుట కేకరూపమైన పరీక్ష యీ వ్యాజ్యములనుండి లభింపదని స్వయముగా నొప్పుకొన్నది. ఇంతవఱకు సత్యశోధనయే. కొన్ని పుటలకుఁ బిమ్మట, సమానత్వవాదమున కుత్తరము చెప్పుచు, సాధారణక్రమమున సంగమించువారొక వర్గమనియు, ప్రకృతిక్రమవిరుద్ధముగా సంగమించువారు వేఱొక వర్గమనియు, కావున వర్గీకరణము సహేతుకమనియుఁ బలికినది. ఏ పదమునకు లక్షణము లేదని యొప్పుకొన్నదో యా పదమునే వర్గభేదమునకు హేతువుగాఁ జూపినది. నైయాయికులు దీని నాత్మాశ్రయదోష మందురు. తన భుజమును దానే యెక్కుట సాధ్యము గానట్లు, సెక్షనులోని సందిగ్ధపదము సెక్షను సాధుత్వమునకుఁ బ్రమాణము గాఁజాలదు.

రెండవ దోషము సంఖ్యావిషయము. ఈ వర్గమునకుఁ జెందినవారు దేశజనులలో నత్యల్పభాగమనియు, నూటయేఁబది యేండ్లకుఁ బైగా నీ సెక్షను క్రింద నభియోగము పొందినవారు ప్రకటితమైన తీర్పులను బట్టి యిన్నూర్ల లోపలనే యనియుఁ దీర్పు చెప్పినది. ప్రకటితమైన తీర్పులు పై న్యాయస్థానములవి. క్రింది కచ్చేరులలో ముగిసినవి, పోలీసుఠాణాలో బెదిరింపుతోనే ముగిసినవి గ్రంథములకెక్కవు. శాసనభయముచే మౌనముగా నున్నవారిని లెక్కింపక, వారి మౌనమునే యల్పత్వమునకు సాక్ష్యముగాఁ గొనుట ప్రమాణవిరుద్ధము. అంతకన్న గురుతరమైన మాట: ప్రాథమికహక్కు సంఖ్యను బట్టి పుట్టునది కాదు. 32వ యధికరణము న్యాయస్థానపు తలుపు తట్టుటకు నిర్ణీతసంఖ్య గల సమూహము కావలెనని చెప్పలేదు. బహుసంఖ్యాకులకు శాసనసభ గలదు. ఒక్కఁడైనవాని కొఱకే న్యాయస్థానము.

మూఁడవ దోషము మౌనవ్యాఖ్యానము. న్యాయశాసన సంఘము 2000 సంవత్సరపు 172వ నివేదికలో సెక్షనును దొలఁగింపవలసినదని సూచించినను బార్లమెంటు దొలఁగింపలేదు. కావున నది నిలువవలెననియే పార్లమెంటు తలంపని తీర్పు గ్రహించినది. మౌన మర్ధాంగీకారమని లోకోక్తి. పెండ్లిమాటలలో నిది చెల్లును, శిక్షాశాసనమునకుఁ జెల్లదు. పార్లమెంటు మౌనమున కలసత్వము, భయము, తీఱికలేమి యేదైనను గారణము గావచ్చును. ఉపక్రమమున రాజ్యాంగమునకుఁ బూర్వపు శాసనములను బరీక్షించు నధికారము తనకుఁ గలదని చెప్పి, యుపసంహారమున సెక్షనును సవరించుట శాసనకర్తల యిష్టమని విడిచిన యీ తీర్పునం దుపక్రమోపసంహారముల కైకమత్యము గానరాదు.

తరువాతి యైదేండ్లలో నేల కదలెను. 2014 ఏప్రిల్ 15వ తేదిని సర్వోన్నత న్యాయస్థానమే హిజ్రాలు మున్నగువారిని మూఁడవ లింగముగా గుర్తింపవలెనని తీర్పు చెప్పెను. ఒక ధర్మాసనము గౌరవింపుమన్నవారిని వేఱొక ధర్మాసనము వ్యాఖ్యానించిన సెక్షను నేరస్థులుగాఁ జూపుచుండెను. 2017 ఆగస్టు 24వ తేదిని తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కని నిర్ణయించుచు, కౌశల్ తీర్పునందలి సంఖ్యావాదమును బేర్కొని ఖండించెను. 2018 సెప్టెంబరు 6వ తేదిని నవతేజ్ సింగ్ జోహర్ వ్యాజ్యమున నైదుగురు న్యాయమూర్తు లేకగ్రీవముగా, వయస్సు వచ్చినవారి సమ్మతిపూర్వకమగు సంబంధమునుండి సెక్షనును దొలఁగించిరి. సమ్మతి లేని చేష్టలకు, బాలురపై జరుగు చేష్టలకు, జంతువిషయమునకు సెక్షను నిలిచెను.

ఫలమున నేకగ్రీవమైనను ఈ తీర్పు నాలుగు వేర్వేఱు వ్యాసములు గలది. ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా తనకును ఖాన్విల్కర్ గారికిని గలిపి యొకటి వ్రాసెను, ఆర్. యఫ్. నారిమన్, డి. వై. చంద్రచూడ్, ఇందూ మల్హోత్రా తలా యొకటి వ్రాసిరి. మొత్త మయిదువందల పుటలకు సమీపము. గెటే, షేక్స్పియర్ మున్నగు పాశ్చాత్యకవు లిందు సాక్షులుగాఁ బిలువఁబడిరి. కవివాక్యము హృదయమును గదలించును, ప్రమాణము గాఁజాలదు. అర్థవాదము విధికి స్తుతిగా నుండవలెను గాని, విధిని వెదకుటకుఁ జదువరి యర్థవాదారణ్యమున దారితప్పరాదు.

అంతకన్న లోఁతైన విమర్శనీయాంశ మొకటి గలదు. ప్రధాన న్యాయమూర్తి వ్యాసము స్వలింగానురాగము పుట్టుకతోడిదనియు, సహజమనియు, కావున దానిని శిక్షింపరాదనియు ముఖ్యముగా వాదించుచున్నది. ఈ వాదము దయాపూర్ణము. కాని పూర్వపక్షి వేసిన బాటలోనే నడచుచున్నది. ప్రకృతివిరుద్ధము గావున దండ్యమని పూర్వపక్షి యనఁగా, ప్రకృతిసిద్ధము గావున నదండ్యమని సిద్ధాంతి యనుచున్నాఁడు. హేతువు మాఱలేదు, దిక్కు మాత్రము మాఱినది. రేపొక శాస్త్రజ్ఞుఁడు ఈ యనురాగము పుట్టుకతోడిది కాదని నిరూపించినచో హక్కు పోవునా? చంద్రచూడ్ వ్యాసము ప్రశ్ననే తిరుగవేసినది: సహజ మేది, యసహజ మేది, యీ విభాగము చేయువాఁ డెవఁడు? మనుష్యగౌరవమునకుఁ బ్రకృతినిర్ణయముతో నవసరము లేదని యీ మార్గము. ఇదియే దృఢమైనది. నారిమన్ వ్యాసము మఱియొక గ్రంథి విప్పినది. శాసనము సాధువని మొదట భావింపవలె నను నియమము ప్రజలెన్నుకొన్న సభ చేసిన శాసనమునకుఁ గాని, పరప్రభుత్వము చేసినదానికిఁ గాదని దాని సారము. కౌశల్ తీర్పునకు మూలస్తంభ మీ యొక్క వాక్యముతోఁ గూలినది. మల్హోత్రా వ్యాసము, ఇన్నాళ్ల యవమానమునకుఁ జరిత్ర యా జనులకు క్షమాపణ చెప్పవలసియున్నదని తలఁచినది.

15వ యధికరణమున లింగభేదమును బట్టి పక్షపాతము చూపరాదను వాక్యముపై జరిగిన చర్చ వైయాకరణుల కాసక్తికరము. లింగ మనఁగా స్త్రీత్వము పురుషత్వము మాత్రమే; అనురాగము దానిలోఁ జేరదని పూర్వపక్షము. సంస్కృతమున భార్య స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రము నపుంసకము. మూఁటి యర్థము నొక్కతెయే. లింగము వస్తువునందే పూర్తిగా నుండునది కాదు, వ్యవహారము దానికి నేర్పు నడవడియందుఁ గూడ నుండునని యీ యుదాహరణము చెప్పుచున్నది. పురుషుఁ డిట్లే ప్రేమింపవలెను, స్త్రీ యిట్లే ప్రేమింపవలెను అను నియమమును మీఱినందుకు శిక్షించుట లింగమును బట్టి శిక్షించుటయే యని చంద్రచూడ్ వ్యాసము చూపిన యుక్తి యిట్టిదే.

ఇచట న్యాయస్థానముల యధికారమును గూర్చిన యాక్షేపము మిగిలియున్నది. ప్రజ లెన్నుకొనని న్యాయమూర్తులు శాసనములను మార్చుట తగునా? ఇది తేలికగాఁ ద్రోయఁదగిన ప్రశ్న గాదు. సమాధానము రాజ్యాంగముననే యున్నది. 372వ యధికరణము పూర్వశాసనములను నిలిపినది. 13వ యధికరణము ప్రాథమికహక్కులకు విరుద్ధమైనంతవఱకు నవి చెల్లవన్నది. అట్టి శాసనమును జెల్లదని చెప్పుట న్యాయస్థానమునకు స్వాతంత్ర్యము గాదు, విధి. తెలుఁగునేలపైనే దీనికి నిదర్శనము గలదు. నైజాము రాజ్యమున 1329 ఫసలీ, అనఁగా 1919 నాఁటి శాసన మొకటి హిజ్రాల పేర్లు పట్టికలో నమోదు చేయించి, వీథిలో స్త్రీవేషముతోఁ గనఁబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొను నధికార మిచ్చియుండెను. నైజాము పోయి డెబ్బదియేండ్లు దాఁటినను శాసనము గ్రంథమున నిలిచెను. దాని నే శాసనసభయు రద్దుచేయలేదు. 2023 జూలైలోఁ దెలంగాణ ఉన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డి దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. ఖైరాతీ వ్యాజ్యమునందలి వేషానుమానము నూటముప్పదితొమ్మిదేండ్ల పిమ్మట హైదరాబాదులో నంతమొందెను.

ఐనను న్యాయస్థానమునకు మేర గలదు. దానిని 2023 అక్టోబరు 17వ తేది తీర్పు చూపినది. స్వలింగ దంపతులు వివాహపు హక్కు కోరి వేసిన యర్జీలలో హైదరాబాదు నివాసుల యర్జీయు నుండెను. రాజ్యాంగమున వివాహము ప్రాథమికహక్కుగా లేదనియు, 1954 నాఁటి ప్రత్యేక వివాహశాసనమును దిరుగవ్రాయుట తమ పని గాదనియు నైదుగురు నొక్కటియైరి. వివాహేతరమైన సాంగత్యమునకు న్యాయస్థానము గుర్తింపు కల్పింపవచ్చునా యనుచోట నైదుగురు విడిపోయిరి. ముగ్గురు కాదనిరి, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తి కౌల్ ఔననిరి. 2025 జనవరిలోఁ బునర్విచారణార్జీలును నిరాకరింపఁబడెను. ఈ నిర్ణయమును 2013 నాఁటిదానితో సమానముగాఁ జూచుట యవిచారము. 377వ సెక్షనున నున్నది లక్షణము లేని నిషేధము. వివాహశాసనమున నున్నవి పురుషుఁడు, స్త్రీ యను స్పష్టపదములు, వారికి వేర్వేఱు వయోనియమములు. నిషేధమును దొలఁగించుట యొక పని. క్రొత్తవిధిని నిర్మించుట వేఱొక పని. ఐనను విధి నిర్మించువారు నిర్మింపకున్నంతకాలము నేరము గాని సంబంధము రక్షణ లేని సంబంధముగానే యుండును. ఆసుపత్రిలో నొకరికై యొకరు సంతకము చేయుట, యొకరి యాస్తి మఱియొకరికి వచ్చుట మున్నగునవి తర్కవిషయములు గావు, నిత్యజీవనములు. ఈ భారము పార్లమెంటుపైఁ బడియున్నది.

2024లో వచ్చిన భారతీయ న్యాయసంహితలో 377వ సెక్షనుకు సరియైనది లేదు. సందిగ్ధపదము పోయినది, దానితోఁ గూడ, పురుషునిపై బలాత్కారముగా జరుగు చేష్టకు 2018 తీర్పు నిలిపియుంచిన శిక్షయుఁ బోయినది. పదము చెడ్డదైనప్పుడు దానిని దీసివేయుట చాలదు. దానివలన సిద్ధించుచున్న యుచితార్థమునకు వేఱొక స్పష్టపద ముంచవలెను. సమ్మతి యను పదము లక్షణింపఁదగినది. దానిమీఁద నే శాసనము నిర్మించినను వ్యాఖ్యాతకు దారి తప్పదు.

తెలుఁగున నీ సెక్షను శీర్షికను ‘అసహజ నేరములు’ అనియు, ‘ప్రకృతివిరుద్ధ నేరము’ అనియు నిన్నాళ్లు తెలిఁగించుచు వచ్చిరి. సెక్షను పోయినను ఆ మాటలు వ్యవహారమున నింకను దిరుగుచున్నవి. శాసనమును మార్చుట న్యాయమూర్తులకును శాసనసభ్యులకును జెందిన పని. అమరమున ‘ప్రకృతి’ శబ్దముతోఁ జెప్పఁబడిన జనుల కా శబ్దమును విరోధముగా నంటగట్టు పదబంధమును నిఘంటువునుండియుఁ బాఠ్యగ్రంథమునుండియుఁ దొలఁగించుట పండితులకుఁ జెందిన పని. దాని కే ధర్మాసనపుఁ దీర్పును వేచియుండ నక్కఱలేదు.